ఎవరూ కొలవని చేతులు

మా అమ్మ 1984 నుంచి 2010 వరకు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్వీపరుగా పనిచేసింది. 1990ల తొలి సంవత్సరాల్లో ఆ వార్డుల్లో వాడేసిన సూదులకంటూ వేరే డబ్బా ఉండేది కాదు. నెత్తురు దూది, కట్టుగుడ్డలు, అరటితొక్కలు, పగిలిన మందు బుడ్లు, సూదులు అన్నీ ఒకే బకెట్టులో పడేవి. ఆ బకెట్టును గోనెసంచిలోకి వంచి, సంచిని తుంటికి ఆనించుకుని రెండంతస్తుల మెట్లు దిగి, ఆసుపత్రి వెనుక కుప్ప పోయడం ఆమె పని. సూదులు ఎక్కువగా గుచ్చుకునేది చేతికి కాదు, తొడకు. మెట్టు మెట్టుకూ సంచి ఊగి ఒంటికి తగిలేది.

ఒక ఎండాకాలం ఆమె ఓ పని చేసింది. ఖాళీ అయిన ప్లాస్టిక్ సెలైను సీసాలు ఏరి, మెడ దగ్గర బ్లేడుతో సూది పట్టేంత చీలిక కోసి, ఇంజెక్షన్లు ఇచ్చే బల్లల కాళ్లకు గాజుగుడ్డతో కట్టింది. సూదులు అందులో వేయండని నర్సులకు చెప్పేంత చనువు ఆమెకు లేదు, చెప్పనూ లేదు. సీసా చేతికందే చోట ఉంది కనుక వాళ్లు అందులోనే వేయసాగారు. మూడు నెలల పాటు ఆమె తొడకు సూది గుచ్చుకోలేదు. ఆ తర్వాత ఎవరో పై అధికారి తనిఖీకి వస్తున్నారని తెలిసి శానిటరీ మేస్త్రి ఆ సీసాలన్నిటినీ పీకించి పారేయించాడు. వార్డు అందం చెడుతోందన్నది ఆయన చెప్పిన కారణం.

నేను ఇంజనీరింగ్ చదువుకున్నాను. చాలా ఏళ్లుగా ఒక కళాశాలలో హ్యూమన్ ఫ్యాక్టర్స్ ఇంజనీరింగ్ అనే శాస్త్రాన్ని బోధిస్తున్నాను. తెలుగులో దాన్ని మానవ కారకాల ఇంజనీరింగ్ అనుకోవచ్చు. పనికి తగ్గట్టు మనిషిని వంచడం కాదు, మనిషికి తగ్గట్టు పనినీ పనిముట్టునూ మలచాలన్నది దాని మూలసూత్రం. వాడేసిన సూదుల డబ్బా ఎలా ఉండాలో కూడా ఆ శాస్త్రం చెబుతుంది. సూది వాడిన చోటనే ఉండాలి, చేయి చాపితే అందాలి, ఎంత నిండిందో బయటికి కనిపించాలి, వేసింది తిరిగి బయటికి రాకూడదు, గుచ్చితే చిల్లు పడకూడదు. ఈ పాఠాన్ని మొదటిసారి తరగతిలో చెప్పిన రోజున, మాట మధ్యలోనే నాకు అమ్మ సీసా గుర్తొచ్చింది. చిల్లు పడకపోవడం ఒక్కటే దానికి లేని గుణం. జీవవైద్య వ్యర్థాల నిర్వహణకు మన దేశంలో తొలిసారి నిబంధనలు వచ్చింది 1998లో. సూదులకు చిల్లుపడని తెల్లని పారదర్శక డబ్బా వాడాలని నేడు అన్ని ఆసుపత్రులూ పాటించవలసిన 2016 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఏడో తరగతి కూడా చదవని ఒక రెల్లి మహిళ అంతకు ఎన్నో ఏళ్ల ముందే బల్ల కాలికి కట్టిన వస్తువు ఇంచుమించు అదే.

ఈ వ్యాసం ఆమె ప్రతిభను పొగడటానికి కాదు. ఆ సీసాను ఒక ఆలోచనగా చూడగలిగిన కన్ను ఆ ఆసుపత్రిలో ఒక్కటీ ఎందుకు లేకపోయిందన్నది నా ప్రశ్న.

ఈ శాస్త్రం పుట్టిన కథలోనే ఆ ప్రశ్నకు కొంత జవాబు ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వాయుసేనకు చెందిన బి-17 బాంబర్లు కొన్ని, ఏ శత్రువూ కాల్చకుండానే, నేల మీద దిగిన తరువాత కూలబడుతుండేవి. రెక్కల ఫ్లాపులను లోపలికి ముడవవలసిన పైలట్లు పొరపాటున చక్రాలను ముడిచేసేవారు. విచారణల్లో "పైలట్ తప్పు" అని రాసి దస్త్రం మూసేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వెళ్లి కాక్‌పిట్‌ను చూశాడు. ఫ్లాపుల మీటా, చక్రాల మీటా పక్కపక్కనే ఉన్నాయి, రెండూ ఒకే ఆకారంలో ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రాన్ని, ఫ్లాపుల మీటకు రెక్క ఆకారపు ముక్కను అమర్చారు. చీకట్లో, అలసటలో, తడిమితేనే ఏది ఏదో తెలిసిపోతుంది. ఆ తప్పు ఆగిపోయింది. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు "పైలట్ తప్పులు"గా పేరుపడ్డ 460 అనుభవాలను సేకరించి పరిశీలిస్తే, వాటిలో చాలా వాటికి మూలం మనిషి అజాగ్రత్తలో కాక యంత్రపు పొందికలో కనిపించింది.

నా విద్యార్థులు ఈ కథను ఇష్టపడతారు. నేను మాత్రం కథ చివర ఒక ప్రశ్న వేస్తాను. వాయుసేన అంత శ్రద్ధ ఎందుకు పెట్టింది? శిక్షణ పొందిన పైలట్ ఖరీదైనవాడు, విమానం అంతకన్నా ఖరీదైనది. కూలిన ప్రతిసారీ లెక్క తేల్చవలసి వచ్చేది. అంటే మనిషికి తగ్గట్టు యంత్రాన్ని మార్చాలన్న ఆలోచన, ఆ మనిషి పోతే నష్టమని లెక్కించే చోట మొదలైంది. ఒకరు పోతే అదే వీధి నుంచి ఇంకొకరు వస్తారని నిశ్చింతగా ఉండే చోట ఆ ఆలోచన ఎందుకు పుడుతుంది? ఉత్తర కోస్తా పట్టణాల్లో చీపురు పనికి మనిషి కావలసి వస్తే మేస్త్రీలు నేరుగా రెల్లివీధికి వచ్చేవారు. ఇతర ప్రాంతాల్లో మాదిగవాడకు, హైదరాబాద్‌లో మెహతర్ల బస్తీకి వెళ్లేవారు. 1936లోనే అంబేద్కర్ ఈ దేశంలో ఉన్నది శ్రమ విభజన కాదని, శ్రామికుల విభజన అని తేల్చి చెప్పారు. ఇంజనీరుగా నేను దానికి ఒక్క మాట చేర్చుతాను. శ్రామికులు పుట్టుకతో విభజింపబడిన చోట పనిముట్టు ఎదగదు. మనిషే చవకైన విడిభాగం అయినప్పుడు మిగతా యంత్రం గురించి ఎవరూ ఆలోచించరు.

చీపురునే చూడండి. వీధులు ఊడ్చే ఆడవాళ్లు నేటికీ చాలా ఊళ్లలో ఈనెల కట్టను గుప్పిట పట్టుకుని నడుం వంచి ఊడుస్తారు. నాలుగైదు గంటల పాటు వెన్నుపూస మీద పడే ఆ భారాన్ని అయిదడుగుల కర్ర ఒక్కటి తప్పించగలదు. ఆ కర్రకు ఖర్చెంత? ఇక్కడ నాకు కాలిఫోర్నియా పొలాల్లోని పొట్టి పార గుర్తొస్తుంది. అక్కడ లెట్యూస్, బీట్ పొలాల్లో మెక్సికన్ మూలాలున్న కూలీల చేత అడుగు కర్ర మాత్రమే ఉన్న పారతో కలుపు తీయించేవారు. స్పానిష్‌లో దాన్ని ఎల్ కోర్తితో అనేవారు, పొట్టిది అని అర్థం. కర్ర పొడుగైతే మొక్కలు తెగిపోతాయని యజమానులు వాదించారు. పొట్టి పారతో ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఎవరైనా నడుం ఎత్తి నిలబడితే దూరం నుంచే మేస్త్రీకి కనబడిపోతారు. వెన్నులు విరిగిన కూలీల తరఫున వ్యాజ్యం నడిచి, 1975లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ పారను నిషేధించారు. కర్ర పొడుగైంది, పంటకు ఏమీ కాలేదు. పనిముట్టు పొడవును నిర్ణయించింది పంట అవసరం కాదని, పట్టుకున్నవాడి మీద ఉన్న చిన్నచూపని అప్పుడు రుజువైంది.

మన చీపురు మీద ఎవరూ వ్యాజ్యం వేయలేదు. 1997లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ, దేబ్‌కుమార్ చక్రవర్తి కృషితో, భారతీయుల శరీర కొలతల గ్రంథాన్ని ప్రచురించింది. ఎత్తు, చేయి పొడవు, అరచేతి వెడల్పు, అన్నీ అందులో ఉన్నాయి. కొలతలు లేకపోలేదు. వాటిని తెరిచి, ఊడ్చే మనిషి చేయి కోసం వెతికిన టెండరు కమిటీ మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు.

మ్యాన్‌హోల్ దగ్గరికి వెళితే ఈ చిన్నచూపు ప్రాణాలు తీస్తుంది. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువైనది, అడుగున పేరుకుంటుంది. అతి స్వల్ప మోతాదులో కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. గాలిలో పది లక్షల వంతులకు నూరు వంతులు దాటేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియకుండా పోతుంది. అంటే ప్రమాదం పెరిగేకొద్దీ హెచ్చరిక ఆగిపోతుంది. ఏడెనిమిది వందల వంతులు దాటితే కొద్ది శ్వాసల్లోనే స్పృహ పోతుంది. ఇటువంటి చోటుకు మనిషి ఇంద్రియాలనూ అనుభవాన్నీ జాగ్రత్తనూ నమ్ముకుని ఎవరినీ పంపకూడదని నా శాస్త్రంలో మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలుసు. కానీ చావు వార్తల్లో ఎప్పుడూ అదే వాక్యం ఉంటుంది, తగిన జాగ్రత్తలు తీసుకోకుండా దిగడంతో ఊపిరాడక మృతి అని. "పైలట్ తప్పు" అన్న మాటకు అది మన తర్జుమా.

పార్లమెంటుకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన లెక్కల ప్రకారమే 2019 నుంచి 2023 వరకు మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ కనీసం 377 మంది చనిపోయారు. నమస్తే పథకం కింద ప్రభుత్వం 2024 నాటికి వివరాలు సేకరించిన సుమారు 38 వేల మంది మురుగు కార్మికుల్లో దాదాపు 69 శాతం షెడ్యూల్డు కులాల వారే. ఆదివాసీలను, వెనుకబడిన తరగతులను కలిపితే 92 శాతానికి చేరుతుంది. యంత్రం లేక ఎవరు చస్తున్నారన్న ప్రశ్నకు ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

2013 నాటి చట్టాన్ని ఇంజనీరు కళ్లతో చదివితే ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. పాకీపని నిషేధం కోసం తెచ్చిన ఆ చట్టం, "ప్రమాదకరమైన శుభ్రత" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో, రక్షణ సామగ్రి, ఇతర పరికరాలు ఇవ్వకుండా, భద్రతా నియమాలు పాటించకుండా చేయించే పనిని మాత్రమే చేర్చింది. తొడుగులూ ముసుగూ ఇస్తే మనిషి మురుగులోకి దిగడం ఆ నిర్వచనం కిందికి రాదన్నమాట. భద్రతా శాస్త్రంలో రక్షణ చర్యలకు ఒక వరుస ఉంది. ప్రమాదాన్నే తొలగించడం అన్నిటికన్నా మేలు. కుదరకపోతే తక్కువ ప్రమాదమున్న పద్ధతికి మారాలి, తర్వాత యంత్రంతో మనిషినీ ప్రమాదాన్నీ వేరు చేయాలి, ఆ తర్వాతే నియమాలు, శిక్షణ. ఒంటికి తొడిగే సామగ్రి అన్నిటికన్నా అట్టడుగున, ఇంకేదీ లేనప్పటి ఆసరాగా ఉంటుంది. మన చట్టం ఆ వరుసలో చిట్టచివరి మెట్టును పట్టుకుని గట్టి గడప అనుకుంది. బెజవాడ విల్సన్ వంటివారు దశాబ్దాలుగా అడుగుతున్నది మంచి తొడుగులను కాదు, మనిషి దిగకుండా ఉండటాన్ని. అది ఉద్యమ నినాదమే కాదు, ఇంజనీరింగ్ పరంగా కూడా సరైన మొదటి మెట్టు అదే. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగులో చనిపోయిన వారి కుటుంబాలన్నిటికీ పది లక్షల రూపాయల చొప్పున ఇవ్వమంది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్ఫై లక్షలు చేసింది. ఆ డబ్బు న్యాయమైనది. కానీ అది చావు తర్వాత వచ్చేది.

చావుకు ముందు ఏం చేయవచ్చో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది, దాంట్లో తెలుగువాళ్ల నెత్తురు కూడా ఉంది. 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి పనికి వెళ్లిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్నారు. దారిన పోతున్న ఒక ఆటో డ్రైవరు వారిని కాపాడటానికి దిగి, ముగ్గురూ చనిపోయారు. ఇటువంటి గుంటల్లో కాపాడబోయినవారే ఎక్కువగా చనిపోతారన్నది ప్రపంచమంతటి అనుభవం, ఎందుకంటే పడిపోయినవాడు కనిపిస్తాడు గానీ వాయువు కనిపించదు. ఆ ఘటన తమను కదిలించిందని చెప్పిన కేరళ యువ ఇంజనీర్లు, జెన్‌రోబోటిక్స్ పేరుతో ఒక యంత్రాన్ని తయారుచేసి 2018లో తిరువనంతపురంలో పనిలో పెట్టారు. నాలుగు కాళ్లతో గుంటలోకి దిగి, కెమెరాతో చూస్తూ, చెత్తను పైకి తీస్తుంది. దాని పేరు బ్యాండికూట్. ఆ ఇంగ్లీషు మాట మన పందికొక్కు నుంచి వెళ్లిందే. పెట్టినవారికి ఆ సంగతి తెలిసే పెట్టారో లేదో గానీ, ఆ పేరు విన్నప్పుడల్లా నాకు కోజికోడ్ గుంటలోని ఆ ఇద్దరు గుర్తొస్తారు. నాకు నచ్చిన విషయం యంత్రం కాళ్లు కాదు. దాన్ని నడపడం పారిశుధ్య కార్మికులకే నేర్పారు. మురుగులో దిగిన మనిషి గట్టు మీద నిలబడి మీట పట్టుకున్నాడు. హైదరాబాద్ జలమండలి కూడా 2017లో, పెద్ద లారీలు దూరలేని గల్లీల కోసం చిన్న జెట్టింగ్ యంత్రాలను, దళిత పారిశ్రామికవేత్తల సంస్థ డిక్కీ సహకారంతో రంగంలోకి దించింది. గల్లీ వెడల్పును కొలిచి యంత్రాన్ని చేయించడం మానవ కారకాల ఇంజనీరింగ్‌కు చక్కని ఉదాహరణ. దాన్ని ప్రతి మునిసిపాలిటీకీ ఎందుకు చేర్చలేకపోయామన్నది మళ్లీ పాత ప్రశ్నే.

శరీరాన్ని కొలవకపోవడం ఈ కథలో ఒక సగం. మాట వినకపోవడం రెండో సగం. నా దృష్టిలో ఈ రెండోదే లోతైనది.

1977 మార్చి 27న టెనరీఫ్ దీవి విమానాశ్రయంలో, పొగమంచులో, రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం రన్‌వే మీదనుంచి తప్పుకుందా అని ఒక విమానంలోని ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు. పెద్ద కెప్టెన్ అవునని కొట్టిపారేశాడు. ఇంజనీరు మళ్లీ అడగలేదు. హోదాల మధ్య వాలు ఎంత నిటారుగా ఉంటే కింది మనిషి మాట అంత తేలికగా జారిపోతుందని విమానయాన రంగం అప్పుడు తెలుసుకుంది. కింది వారు గట్టిగా చెప్పడాన్ని, పైవారు వినడాన్ని శిక్షణగా మార్చింది. వైద్యరంగం చాలా ఆలస్యంగా అదే పాఠం నేర్చుకుంది. 2005లో ఇంగ్లండులో ఎలేన్ బ్రోమిలీ అనే యువతి చిన్న సైనస్ శస్త్రచికిత్సకు వెళ్లింది. మత్తు ఇచ్చాక శ్వాసమార్గం మూసుకుపోయింది. అనుభవజ్ఞులైన డాక్టర్లు గొట్టం వేయడానికే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ కాలాన్ని మరిచిపోయారు. గొంతు కోసి దారి చేయవలసిన వేళ వచ్చిందని అక్కడున్న నర్సులకు తెలుసు. ఒకరు ఆ సామగ్రి తెచ్చి పెట్టారు కూడా. దాన్ని డాక్టర్ల చెవికెక్కేలా ఎలా చెప్పాలో వారికి తెలియలేదు. ఆమె చనిపోయింది. ఆమె భర్త మార్టిన్ బ్రోమిలీ విమాన పైలట్. ఎవరినీ శిక్షించమని ఆయన అడగలేదు. తన వృత్తిలో నేర్పే పాఠం వైద్యులకు ఎందుకు నేర్పరని అడిగి, 2007లో అందుకోసం ఒక బృందాన్ని స్థాపించాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రవేశపెట్టిన శస్త్రచికిత్స భద్రతా జాబితాలో, కోతకు ముందు గదిలోని వారందరూ తమ పేరూ పనీ చెప్పుకోవాలన్న అంశం ఉంది. చూడటానికి మర్యాద లాంటిది. ఒకసారి పేరు చెప్పిన గొంతు రెండోసారి హెచ్చరిక చెప్పగలుగుతుందన్నది దాని వెనుక ఆలోచన. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో ఆ జాబితాను పరీక్షించినప్పుడు శస్త్రచికిత్సల తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ జాబితా అంతా కలిసి సాధించిన ఫలితమది.

మా అమ్మ పనిచేసిన వార్డులో ఎవరికీ ఆమె పేరు తెలియదు. "ఏయ్ స్వీపరూ" అన్నదే పిలుపు. ఒక రాత్రి ఆమె నేల తుడుస్తూ ఒక పిల్లవాడి మంచం దగ్గర ఆగింది. ఆక్సిజన్ సిలిండరుకు తగిలించిన నీళ్ల సీసాలో బుడగలు రావడం లేదు. ఎన్నో ఏళ్లుగా ఆ బుడగల చప్పుడు వింటూ తుడిచిన మనిషి కనుక, కన్ను కన్నా ముందు చెవి పట్టుకుంది. పరుగున వెళ్లి డ్యూటీ సిస్టరుకు చెప్పింది. ఆ సిస్టరు వెంటనే వచ్చింది, సిలిండరు మార్పించింది, పిల్లవాడు బతికాడు. అయితే వస్తూ ఆమె వేసిన మొదటి ప్రశ్న, "నువ్వేమైనా ముట్టుకున్నావా?"

ఆ సిస్టరు చెడ్డ మనిషి కాదని అమ్మే చెప్పేది. యంత్రాన్ని ముట్టుకున్నావా అని అడిగి ఉండవచ్చు, వార్డులో అది అడగదగిన ప్రశ్నే. కానీ అమ్మ చెవికి అది వేరుగా వినబడింది. ముట్టుకున్నావా అన్న మాటను ఆమె పుట్టినప్పటి నుంచీ వింటూ ఉంది. ఒకే ప్రశ్న ఇద్దరికి రెండు రకాలుగా వినబడే చోట, ఏ భద్రతా జాబితా అయినా సగమే పనిచేస్తుంది. "తర్వాత చాలా చూశాను నాన్నా, చెప్పలేదు. ఎందుకొచ్చిన గొడవ" అంది ఒకసారి. ఆమె చూసి చెప్పనివేమిటో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. విమానంలోని హోదా విమానం దిగాక పోతుంది, ఈ హోదా ఇంటిదాకా వెంట వస్తుంది. ఈ భేదాన్ని నేను పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. మనమే రాసుకోవాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆమె ఉద్యోగంలో చివరి పదేళ్లు జీతం కాంట్రాక్టరు ద్వారా వచ్చేది. 2003లో ఆమెకు అరచేతిలో లోతుగా సూది దిగింది. ఆ వారమే ఒక నర్సుకు గుచ్చుకుంటే రిజిస్టరులో రాసి, రక్తపరీక్ష చేసి, హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టారు. అది సరైన పని. అమ్మ వెళితే, ఆ ఫారంలో ఆసుపత్రి ఉద్యోగి సంఖ్య రాయవలసిన గడి ఒకటుంది, ఆమెకు సంఖ్య లేదు, కనుక రాయలేమన్నారు. కుల ద్వేషంతో ఎవరూ ఆ గడి గీయలేదు. గీసినవారి ఊహలో ఆ సూది గుచ్చుకోగల మనుషుల్లో స్వీపరు లేదు, అంతే. టీకా లేని మనిషికి కలుషితమైన సూది ద్వారా హెపటైటిస్ బి సోకే ప్రమాదం నూటికి ముప్ఫై దాకా ఉంటుంది. హెచ్‌ఐవి కన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ టీకాను తక్కువ ధరకు హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే మన మార్కెట్లోకి తెచ్చింది. మా ఊరి మందుల దుకాణంలో దొరికేది. 2006లో అమ్మ రక్తంలో హెపటైటిస్ బి బయటపడింది. 2012లో కాలేయం చెడి చనిపోయింది. ఏ సూది వల్లనో ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. వ్యర్థాలను ముట్టుకునే ప్రతి కార్మికుడికీ ఆ టీకా వేయించాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. కాంట్రాక్టు మారినప్పుడల్లా మనుషులు మారే చోట మూడు డోసులు పూర్తయ్యేదాకా ఎవరు లెక్క పెడుతున్నారో ప్రతి ఆసుపత్రిలోనూ అడిగి తెలుసుకోవలసిందే.

అమెరికాలో 2000లో సూది గాయాల నివారణ చట్టం వచ్చింది. తనకు తానే ముడుచుకునే సూదులు, సురక్షితమైన పరికరాలు కొనాలని ఆసుపత్రులను ఆదేశించడంతో పాటు, ఏ పరికరం కొనాలో నిర్ణయించేటప్పుడు రోగుల దగ్గర నేరుగా పనిచేసే, పై హోదాలో లేని ఉద్యోగుల అభిప్రాయం అడగాలని, అడిగినట్టు రాతపూర్వకంగా నమోదు చేయాలని అది నిర్దేశించింది. అక్కడ కూడా ఆ వాక్యం నర్సు దగ్గర ఆగిపోయింది, ఊడ్చే మనిషి దాకా రాలేదు. మనం రాసుకుంటే అక్కడిదాకా రాయాలి. చెత్త డబ్బా, తోపుడుబండి, మాప్, తొడుగులు, ఫినాయిల్ డబ్బా మూత, ఏది కొన్నా టెండరు కమిటీలో ఆ పని చేసే ఇద్దరు కార్మికులు కూర్చోవాలి. నమూనాను వారం రోజులు వాడి చూసి, పనికిరాదని చెప్పే హక్కు వారికి ఉండాలి. చెప్పినందుకు కాంట్రాక్టరు తీసేయకూడదు. రిజర్వేషన్ల గురించి ఇంత చర్చించే మనం, చీపురు ఎంపిక చేసే బల్ల దగ్గర చీపురు పట్టే చేతికి కుర్చీ లేదన్న సంగతిని చర్చకు తీసుకురాలేదు. మా అధ్యాపక వర్గానిదీ ఇందులో తప్పు ఉంది. నా శిష్యులు కారు సీట్ల మీద, మొబైల్ తెరల మీద ప్రాజెక్టులు చేశారు. వారి చేత చెత్తబండి మీద చేయించాలని నాకే తట్టడానికి పదిహేనేళ్లు పట్టింది.

గత నెల ఇద్దరు విద్యార్థినులతో కలిసి ఒక ఆసుపత్రికి వెళ్లాను. పారిశుధ్య కార్మికులు తొడుగులు వేసుకోవడం లేదని, ఎన్నిసార్లు చెప్పినా మారరని సూపర్‌వైజరు వాపోయాడు. స్టోరు గదిలో చూస్తే దళసరి రబ్బరు తొడుగులు కట్టలు కట్టలుగా ఉన్నాయి, అన్నీ ఒకే సైజు, మగవాడి చేతికి సరిపోయే పెద్ద సైజు. ఆ ఆసుపత్రిలో ఊడ్చేవారిలో మూడొంతుల మంది ఆడవాళ్లు. మా విద్యార్థిని ఒకామె టేపు తీసి అక్కడున్న పెద్దావిడ అరచేతిని కొలవబోతే, ఆమె ముందు చేతిని చీర కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది. వద్దమ్మా, తడిగా ఉందంది. కొలిచాక మేము అంకె రాసుకుంటుంటే ఆ తొడుగును వేసుకుని చూపించింది. వేళ్ల చివర అంగుళం మేర రబ్బరు ఖాళీగా వేలాడుతోంది. దానితో బకెట్టు పట్టుకుంటే జారుతుందని, సంచి ముడి వేయడం రాదని, అందుకే తీసేస్తామని చెప్పింది. ఈ మాట ఎవరికైనా చెప్పారా అని అడిగాను.

"ఎవరూ అడగలేదు సారూ. చిన్నవి కూడా దొరుకుతాయా?" అంది.